నల్లబల్లమీది లెక్క

మన పాఠశాలలో ప్రతి ఉదయము ప్రార్థన ముగిసిన పిమ్మట ప్రతి తరగతిలోను నల్లబల్ల మూలను రెండంకెలు వ్రాయబడును. మొదటిది ఆ తరగతి పట్టికలోని విద్యార్థుల సంఖ్య. రెండవది ఆ దినమున వచ్చినవారి సంఖ్య. లోనికి వచ్చిన పర్యవేక్షకుడైనను, బిడ్డకు అన్నము తెచ్చిన తల్లియైనను వానిని చూడగలరు. ఆ అంకెలు వ్రాయుటవలన ఉపాధ్యాయునకు విద్యార్థులపై ప్రేమ తగ్గెనని ఎవ్వరును అనలేదు. ఆసుపత్రి వార్డు గుమ్మమున ఇట్టి అంకెలు ఏల కానరావు? రోగులెందరు, వారిని కనిపెట్టియుండు నర్సులెందరు అను ఆ చిన్న లెక్కను గూర్చియే నేడు చదువరులకు కొంత విన్నవింపదలచితిని.

ప్రతి సంవత్సరము మే నెల 12వ తేదీని, ఫ్లారెన్సు నైటింగేలు జన్మదినమున, దీపములు వెలిగించి నర్సులను సేవామూర్తులనియు త్యాగమూర్తులనియు కొనియాడుచుందుము. ఆ పొగడ్త తప్పు గాదు. ఐనను దాని చాటున ఒక లోపము దాగియున్నది. త్యాగమూర్తియని పేరిడిన పిమ్మట ఆమె జీతమెంత, ఒక రాత్రికి ఆమె చేతిలో ఎందరు రోగులుందురు, ఆమె ఎచ్చట ఏ మేరకు నేర్చెను అని అడుగుట మనకు అమర్యాదవలె తోచును. సేవ యనుమాట లెక్క యనుమాటను మ్రింగివేసినది.

నైటింగేలు అట్టిది కాదు. 1854లో క్రిమియా యుద్ధకాలమున ఆమె స్కుటారి సైనిక వైద్యశాలకు పోయి రాత్రులందు దీపము చేతబట్టి రోగుల నరసినమాట నిజమే. ఇంగ్లండుకు మరలివచ్చిన తరువాత ఆమె చేసిన పని లెక్క వేయుట. గాయములవలన చచ్చిన సైనికులకంటె, మురుగు, ఇరుకు, చెడుగాలి వీనివలన కలిగిన రోగములచే చచ్చినవారే పెక్కురని అంకెలతోను పటములతోను ఆమె అధికారులకు చూపెను. 1860లో లండనునందు సెంటు థామసు వైద్యశాలలో నర్సుల పాఠశాలను నెలకొల్పెను. హిందూదేశమునకు ఎన్నడును రాకపోయినను, ఇచ్చటి సైనికుల ఆరోగ్యస్థితిని గూర్చి 1863లో వెలువడిన రాచకమిషను నివేదికకై ఎంతయో శ్రమించెను. ఆమె దీపమును మనము ఉంచుకొంటిమి. ఆమె లెక్కల పుస్తకమును మరచితిమి.

మన తెలుగునాట ఈ వృత్తి సులభముగ వేరూనలేదు. పూర్వము పురుడు పోయుట మంత్రసాని పని. రక్తమును, మలమూత్రములను ముట్టుట అంటుగా నెంచి పెద్దకులములవారు తమ బిడ్డలను ఈ చదువునకు పంపలేదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు దొరసాని 1898లో అచ్చట స్త్రీల వైద్యశాలను తెరచెను. ఉత్తరమున సోంపేటలో కెనడియన్ బాప్టిస్టు మిషనువారి ఆసుపత్రి వెలసెను. డాక్టరు బెన్ గలిసన్ అచ్చట పెక్కేండ్లు కన్నుల వైద్యము చేసిరి. విజయనగరమునందలి ఘోషా ఆసుపత్రి పేరు, పరపురుషుని కంటబడని స్త్రీలకై ప్రత్యేక వైద్యశాలలు కావలసిన కాలమును నేటికిని జ్ఞప్తికి తెచ్చుచున్నది. ఆ తొలి తరములలో నర్సులైనవారు హెచ్చుగా క్రైస్తవ యువతులే. పగలు వారిచే మందు త్రాగినవారే సాయంకాలము వారిని వాకిట నిలిపి మాటలాడిన దినములు కలవు. ఆ అవమానమును సహించి వారు నిలిపిన వృత్తి యిది.

దానికి చట్టపు రక్షణయు క్రమముగ వచ్చెను. 1926లో మద్రాసు రాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టము పుట్టెను. తగిన చదువు చదివి పరీక్షలో తేరినవారి పేర్లు మాత్రమే రిజిష్టరునందు వ్రాయవలెననుట దాని సారము. 1946లో భోరు కమిటీవారు దేశమంతటికిని లెక్క చూచి, 43,000 మంది ప్రజలకు ఒక నర్సు మాత్రమే కలదని వ్రాసిరి. 1947లో ఇండియన్ నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చెను. దాని స్థానమున జాతీయ కమిషను ఉండవలెనని 2023లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసెను. దేశమంతటికి ఒక రిజిష్టరు, ప్రవేశమునకు ఏకరీతి పద్ధతి అందు చెప్పబడినవి. రిజిష్టరు నర్సులకు ఇచ్చిన బిరుదని కొందరు తలంతురు. నిజముగ అది రోగికి ఇచ్చిన హామీ. తన నరములో సూది గ్రుచ్చు చేయి నేర్చిన చేయియే యని తెలియని రోగికి ఆ పట్టిక తప్ప వేరు ఆధారమేది?

ఐతే రిజిష్టరు ఆమె నేర్చినదని చెప్పునేకాని, ఆమెకు పని చేయుటకు వీలున్నదో లేదో చెప్పదు. ఇచ్చట నా అనుభవమొకటి చెప్పవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట మా పెదతండ్రికి ఊపిరితిత్తులలో నెమ్ముచేరగా ఒక పట్టణపు ఆసుపత్రిలో చేర్చితిమి. రాత్రి నేను తోడుంటిని. ఆ వార్డులో ముప్పది యెనిమిది మంచములు. వానికి ఒక నర్సు, ఆమెకు తోడు మొదటి సంవత్సరము చదువుచున్న ఒక బాలిక. రెండు గంటలవేళ ఆ నర్సు మా ప్రక్కనుండి పోవుచు హఠాత్తుగా నిలిచెను. మా పెదతండ్రి నిద్రించుచున్నాడనియే నేను తలచితిని. ఆయన ఊపిరి మారినదని ఆమె చెవి కనిపెట్టెను. డాక్టరును పిలిపించి, ప్రాణవాయువు పెట్టించి, అరగంట ఆ మంచమును విడువలేదు. ఆయన బ్రదికెను. ఆ యరగంటలోనే వార్డు చివర ఒక పిల్లవాని సెలైను సీసా ఖాళీయై గొట్టములోనికి రక్తము ఎగదన్నెను. వాని అవ్వ కేకలు వేయుచు పరుగెత్తి వచ్చెను. నర్సు మోము చూచినంతనే ఆ ముదుసలి కోపము చల్లారి, “ఏటి సేత్తావమ్మా, నీకూ రెండే సేతులు గదా” అనెను.

ఆ రాత్రి ఆ నర్సునకు జ్ఞానము తక్కువ గాలేదు, దయ తక్కువ గాలేదు. తక్కువైనది రెండవ నర్సు.

అక్షరము రాని ఆ అవ్వ చెప్పిన మాటనే పండితులు పరిశోధించి స్థిరపరచిరి. లిండా ఐకెన్ అను అమెరికా దేశపు ఆచార్యురాలును ఆమె సహచరులును ఐరోపాలోని 9 దేశములందు 300 ఆసుపత్రులలో శస్త్రచికిత్స పొందిన 4,22,730 మంది రోగుల వివరములు చూచి 2014లో ఫలితములను ప్రకటించిరి. ఒక్కొక్క నర్సునకు ఒక్క రోగి అదనముగ చేరినచో, చేరిన 30 దినములలోపల రోగి మరణించు అవకాశము 7 శాతము హెచ్చుగా కానవచ్చెను. పట్టభద్రులైన నర్సులు నూటికి పదిమంది హెచ్చుగా ఉన్నచోట ఆ అవకాశము 7 శాతము తక్కువగా కానవచ్చెను. ఇట్టి పరిశీలన సంబంధమును చూపునుగాని అదియే ఏకైక కారణమని నిరూపింపదు. ఐనను చదువును సంఖ్యయు రెండును ప్రాణముతో ముడిపడియున్నవని తలచుటకు ఇంతకన్న బలమైన సాక్ష్యమేమి కావలెను? కాలిఫోర్నియా రాష్ట్రమువారు 1999లో చట్టము చేసి, ఒక నర్సు చేతిలో ఇంతమందికంటె హెచ్చు రోగులుండరాదని 2004నుండి అమలు జరిపిరి. మన నర్సింగు కౌన్సిలువారును బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒకరు ఉండవలెనని ప్రమాణము చెప్పియున్నారు. ప్రమాణము కాగితముపై నున్నది. వార్డు గుమ్మమున లేదు.

మన శ్రీకాకుళము సీమకు ఇది దూరపు మాట కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతముల ఉద్దానపు తోటలలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసెనో ఇచ్చటివారికి చెప్పనక్కరలేదు. పలాసలో 2023 డిసెంబరునందు 200 మంచముల కిడ్నీ ఆసుపత్రియు పరిశోధనాకేంద్రమును ప్రారంభమయ్యెను. సంతోషమే. ఐతే డయాలిసిస్ యంత్రము ఒంటరిగ పని చేయదు. రోగిని తూచి ఎంత నీరు తీయవలెనో చూచుట, చేతి నరమున రెండు సూదులు గ్రుచ్చుట, నాలుగు గంటలసేపు మాటిమాటికి రక్తపు పోటు చూచుట నర్సు పని. రోగికి ఆవలింతలు, చెమటలు పుట్టినచో పోటు పడిపోవుచున్నదని ముందుగ గ్రహింపవలసినదియు ఆమెయే. సూది జారినచో నిమిషములలో రక్తము పోవును. డాక్టరు వచ్చి చూచిపోవును; నర్సు నాలుగు గంటలు చూచుచుండును. యంత్రమును ధనముతో కొనవచ్చును; చూచెడు కన్నును చదువుతోను, తగినన్ని చేతులతోను మాత్రమే సంపాదింపవలెను.

ఇందుకు కొందరు రెండాక్షేపములు చెప్పుదురు. నర్సింగు కళాశాలలు ఇన్ని వెలసినవిగదా, ఇంక కొరతయేమి యందురు. కళాశాల గోడలమధ్య నర్సు తయారుకాదు. రోగి మంచముప్రక్కన తయారగును. మంచములు లేని కళాశాల నీరులేని చెరువులో ఈత నేర్పుటవంటిది. కావున తమ బిడ్డను పంపు తండ్రి భవనమును చూచుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను: ఈ చదువునకు కౌన్సిలు అనుమతి కలదా? అభ్యాసమునకు ఎన్ని మంచముల ఆసుపత్రి కలదు? మంచముప్రక్కన నిలిచి నేర్పువారెవరు? రెండవ ఆక్షేపము ధనమును గూర్చినది. నర్సులను హెచ్చించుటకు ఖర్చగును, నిజమే. తక్కువ జీతముతో నెట్టుకొని వచ్చుటకును ఖర్చు కలదు. దానిని రోగియు, పని నేర్చినంతనే దేశాంతరము పోవు నర్సును చెల్లించుచున్నారు. 2016లో సుప్రీముకోర్టు ఆదేశముపై ఏర్పడిన కమిటీ, ప్రైవేటు ఆసుపత్రులలో నర్సు జీతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసెను. ఆ మాట ప్రతి ఆసుపత్రిలో ఎంతవరకు నెరవేరెనో అడుగుట మనవంతు.

నేను కోరునది పెద్దది కాదు. సర్కారుదైనను ప్రైవేటుదైనను ప్రతి వార్డు గుమ్మమున ఒక నల్లబల్ల కట్టవలెను. ప్రతి పూటయు అందు రెండంకెలు వ్రాయవలెను: ఈ పూట రోగులెందరు, ఈ పూట రిజిష్టరులో పేరున్న నర్సులెందరు. చదువుచున్న బాలికలను ఆ రెండవ అంకెలో కలుపరాదు. సుద్దముక్కకు ఖర్చెంత? ఐనను ఆ అంకెలు కంటబడిననాడు నర్సును కసురుకొను చుట్టము ఒక క్షణమాగి ఆలోచించును, అధికారి సిగ్గుపడును, ఆ నర్సు తన అలసటకు తానొక్కతెయే కారణము గాదని తెలిసికొనును.

విద్యార్థులారా, మీలో కొందరు, బాలురును బాలికలును, ఈ వృత్తిని చేపట్టుదురని ఆశించుచున్నాను. సేవాభావముతో పొండు. దానితోకూడ లెక్కయు నేర్చుకొని పొండు. తక్కినవారు ఎన్నడైన ఆసుపత్రికి పోయినపుడు నర్సునకు నమస్కరించి, ఈ పూట మీరెందరున్నారని అడుగుడు.