రొయ్యల ఋణము - జాలరుల మొఱ

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారికి సముద్రము దూరమే గాని సర్కారు ఋణభారము దూరము గాదు. 1992లో ప్రపంచబ్యాంకు మన యాంధ్రతీరముతోపాటు ఒడిస్సా, వంగతీరములందును రొయ్యల సాగునకు ఋణమిచ్చినది. గుంటలు వెలసినవి, ఎగుమతులు పెరిగినవి. జాలరులకు మాత్రము వలలతో తీరమునకు బోవు దారులు మూతపడినవి. పలుచోట్ల మంచినీటి బావులు ఉప్పుబాఱినవి. 1996లో సుప్రీముకోర్టు తీరమునందలి యట్టి గుంటలను తొలగింప నాజ్ఞాపించినది. 2005 నాటి చట్టము వానికి మరల త్రోవ చూపినది.

నేడు అమెరికా జాలరులును, తమ ప్రభుత్వమునకు వాటా గల యభివృద్ధి బ్యాంకులు పరదేశపు రొయ్యల సాగునకు ధనమిచ్చి తమ పొట్ట గొట్టుచున్నవని మొఱపెట్టుచున్నారు. తీరములు వేఱైనను మొఱ యొక్కటియే: ధనము ప్రజలది, లాభము కొందఱిది, నష్టము జాలరిది.

ఆయకట్టుదారుల నడుగక మన యూరి చెరువు తూమును పరులకు గుత్తకిచ్చిన మన మూరకుందుమా? ఋణపత్రముపై వ్రాలు చేయుటకు పూర్వమే జాలరుల మాట వినుట ప్రభుత్వ ధర్మము.