సారథి లేని రథము

సీలేరునుండి చింతపల్లి మీదుగా నర్సీపట్నము పోవు బస్సు ఘాటురోడ్డు మలుపులు దిగునపుడు మేమెల్లప్పుడును డ్రైవరు చేతులవైపే చూచుచుందుము. ఆ చేతులు లేకుండనే నడచు కార్లు వచ్చినవని మా యింట మాట రాగా, ప్రక్కయింటి పెద్దమ్మగారు “అమ్మయ్య! అయితే ఇక ఎవరినీ బతిమాలనక్కరలేదు” అనిరి. ఆమెకు చూపు తక్కువ. కొమారుడు సెలవు పెట్టినగాని ఆమెకు వైద్యుని దర్శనము లేదు.

ఆమె ఆశ వట్టిది కాదు. సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ఆవరణలో 2025లో డ్రైవరు లేని బస్సులు విద్యార్థులను ఎక్కించుకొని నడచినవి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో మున్నగు నగరములందు వేమో సంస్థవారి కార్లు బాడుగకు తిరుగుచున్నవి.

ఇట్టి కార్లవలన రద్దీ తగ్గునని కొందరందురు. యంత్రము తడబడదు, బండ్లు దగ్గరదగ్గరగా సాగునని వారి లెక్క. సోదరీమణులారా, మాకు నమ్మిక కలుగలేదు. ప్రయాణపు శ్రమగాని ఖర్చుగాని తగ్గినచో ప్రయాణములే పెరుగును. ఇది మన మెరుగనిదా? తెలంగాణమున 2023 డిసెంబరు 9న, మన రాష్ట్రమున 2025 ఆగస్టు 15న స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైనది. తెలంగాణమున 2025 జూలై నాటికే అట్టి ప్రయాణములు 200 కోట్లు లెక్కకు వచ్చినవి. అందు వెనుకటినుండి యున్నవియు కలవు, నిజమే. కాని ఛార్జీకి వెరచి పుట్టింటి పండుగకు పోనివారు ఎందరు! వారి ప్రయాణములు మునుపు లేవనుటకంటె, మనసులోనే యుండి దారికెక్కలేదనుట మేలు.

అయితే బస్సులో నలుగురు అదనముగా ఎక్కినను దారిపై బండి యొకటే. తలకొక కారు పిలిచిరా, నాలుగు బండ్లు. 2018లో వెలువడిన యొక పరిశోధనలో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున 13 మందికి వారము దినములు ఉచితముగా డ్రైవరునిచ్చి చూచిరి. యంత్రమునకు బదులు మనిషి యన్నమాట. వారి కార్లు తిరిగిన దూరము నూటికి 83 వంతులు పెరిగినది! అందు కొంత, ఇంటివారెవరును లేకుండ బండి తిరిగినదే.

పుష్పకము రాముని దింపి కుబేరుని కడకు ఖాళీగానే మరలెను. ఆకాశమున నొక్కటే విమానము గనుక చెల్లినది. విశాఖపట్నమున పదిగంటల వేళ ప్రతి కారును యజమానిని ఆఫీసు ముంగిట దింపి, నిలుచుటకు చోటులేక ఒట్టినే యింటికి మరలిన నేమగును?

మా కొండలలో రద్దీ భయము లేదు. సంతకు కాలినడకన వచ్చు స్త్రీకి, డోలీలో మోయబడు గర్భిణికి కారుకంటె ముందు రోడ్డు కావలెను. ఘాటులో పొగమంచు కమ్మినపుడు యంత్రపు కన్నులకును అడ్డమే.

ఎందరెక్కినను పుష్పకములో ఇంకొకరికి చోటుండునని పెద్దలందురు. అట్లు పదిమంది పంచుకొను బండియే డ్రైవరు లేకుండ వచ్చిన మేలని మేము పెద్దమ్మగారితో అంటిమి. ఆమె క్షణమాలోచించి, “ఎందరెక్కినా సరే, నన్ను కిటికీ దగ్గర కూర్చోనిస్తే చాలు” అనిరి.