నేల విడువని విద్య

విద్యకు పరమార్థం లోకోపకారమని పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ భావనకు ఒక ఆధునిక రూపం పాశ్చాత్య దేశాల సాంకేతిక విశ్వవిద్యాలయాలలో కనిపిస్తుంది. అక్కడి ఇంజనీరింగ్ విద్యార్థులు తమ పాఠ్యక్రమంలో భాగంగా ఆఫ్రికా పల్లెలకు పనికివచ్చే నీటి పంపులు, పొయ్యిలు, పిండిమరలు, సౌరదీపాలు రూపొందిస్తున్నారు. 2002లో కొలరాడో విశ్వవిద్యాలయ ఆచార్యులు బెర్నార్డ్ అమడై ‘సరిహద్దులు లేని ఇంజనీర్లు’ అనే సంస్థకు అమెరికాలో అంకురార్పణ చేశారు. అదే కాలంలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఏమీ స్మిత్ ‘డి-ల్యాబ్’ను ప్రారంభించారు. ఈ ప్రయత్నాల ఉద్దేశం ఉదాత్తమైనదే. అయితే సదుద్దేశం ఒక్కటే పల్లె దాహాన్ని తీర్చగలదా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

దక్షిణాఫ్రికాలో పుట్టిన ‘ప్లేపంప్’ కథ ఇందుకు తార్కాణం. అది విద్యార్థుల సృష్టి కాదు; అయినా ప్రతి విద్యార్థీ తెలుసుకోదగిన పాఠం. పిల్లలు ఎక్కి తిరిగే రంగులరాట్నానికి పంపును జోడించారు. పిల్లలు ఆడుకుంటూ ఉంటే నీరు తొట్టెలోకి చేరుతుంది. ఊహ ఎంతో రమణీయం! 2006లో అమెరికా ప్రభుత్వం, దాతృత్వ సంస్థలు కలిసి దీనికి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించాయి. కాని ఈ పంపు ఖరీదు మామూలు చేతిపంపు కంటే సుమారు నాలుగు రెట్లు. ఒక్కొక్క పంపు 2,500 మందికి నీరందిస్తుందన్న ప్రకటన నిజం కావాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడవలసి వస్తుందని 2009లో ‘గార్డియన్’ పత్రిక లెక్క తేల్చింది. రోజుకు ఉన్నవి 24 గంటలే కదా! పిల్లలు లేని వేళ స్త్రీలే నడుము వంచి ఆ చక్రాన్ని తిప్పవలసి వచ్చింది. నేల విడిచి సాము చేయడమంటే ఇదే.

దీనికి భిన్నమైన ఉదాహరణలూ ఉన్నాయి. మన పల్లెలలో ‘బోరింగు’ అని పిలిచే ‘ఇండియా మార్క్-2’ చేతిపంపు 1970లలో యూనిసెఫ్ సహకారంతో భారతదేశంలో రూపొంది, ఆఫ్రికా దేశాలకూ వ్యాపించింది. గట్టి పంపే, కాని లోపలి భాగం పాడైతే గొట్టాలన్నీ పైకి లాగడానికి శిక్షణ పొందిన మనుషులు, ప్రత్యేక పనిముట్లు కావాలి. ఈ ఇబ్బందిని గ్రహించి 1980లలో ఆఫ్రికాలో ‘అఫ్రిదేవ్’ పంపును రూపొందించారు. అందులో అరిగిపోయే భాగాలను ఊరి స్త్రీపురుషులే ఒక్క స్పానరుతో మార్చుకోగలరు. ఏమీ స్మిత్ రూపొందించిన పిండిమరది కూడా ఇదే నీతి. మామూలు మరలో జల్లెడ తరచు చిరిగిపోతుంది, కొత్తది పల్లెలో దొరకదు. అందుచేత ఆమె జల్లెడనే తొలగించి, గాలి ప్రవాహంతో పిండి వేరుపడే ఏర్పాటు చేశారు. పాడైనప్పుడు ఎవరు బాగుచేస్తారన్న ప్రశ్నతోనే ఈ రూపకల్పనలు మొదలయ్యాయి.

విద్యార్థులు పొరపాట్లు చేయకుండా ఎలా నేర్చుకొంటారని కొందరు వాదించవచ్చు. అది కాదనలేని మాట. కాని ప్రయోగశాలలో పొరపాటు జరిగితే విద్యార్థికి మార్కులు తగ్గుతాయి. పల్లెలో పొరపాటు జరిగితే ఒక తల్లి మళ్లీ బిందె నెత్తిన పెట్టుకొని మైళ్ల దూరం నడుస్తుంది. ఈ రెండు నష్టాలూ సమానం కావు. అందువల్ల సెమిస్టరు చివర చూపిన నమూనాకు మాత్రమే మార్కులు వేసే పద్ధతి మారాలి. ఏడాది గడిచాక ఆ యంత్రం పనిచేస్తున్నదా, దానిని ఊరివారే నడుపుకొంటున్నారా అన్నదే అసలైన పరీక్ష.

ఆఫ్రికా పల్లెలు చేయి చాచి నిలిచిన యాచకులు కావన్న ఎరుక కూడా అవసరం. ఘనా దేశంలోని కుమాసి విశ్వవిద్యాలయం 1972లోనే సాంకేతిక సలహా కేంద్రాన్ని నెలకొల్పి, స్థానిక వృత్తిపనివారికి తోడుగా నిలిచింది. మలావి దేశంలో 2001-02 నాటి కరవు వల్ల ఫీజు కట్టలేక బడి మానిన విలియం కాంక్వాంబా, గ్రంథాలయంలో దొరికిన పుస్తకం చూసి, పాత సైకిలు భాగాలతో, ట్రాక్టరు ఫ్యానుతో, కొయ్య స్తంభాలతో గాలిమరను నిర్మించి ఇంట్లో దీపం వెలిగించాడు. అప్పటికి అతని వయస్సు 14 సంవత్సరాలు. అతనికి లేనిది ప్రతిభ కాదు, అవకాశం. దూరదేశపు విద్యార్థి అటువంటి బాలుడికి ఉపకారిగా కాక సహపాఠిగా వెళ్లాలి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చొని గీసిన నమూనాయే ఆ నేలలో వేళ్లూనుతుంది.

సుస్థిరాభివృద్ధి అంటే ఇచ్చినవాడు వెళ్లిపోయిన తరువాత కూడా నిలిచేది. యంత్రం తుప్పు పట్టవచ్చు. దానిని విప్పి, బాగుచేసి, మరొకటి తయారుచేసుకొనే నేర్పు ఊరిలో మిగిలితే అదే చాలు. చెప్పడానికి వెళ్లేముందు వినడం నేర్పే చదువే అటువంటి నేర్పును పెంచగలదు.