ఈద్ మిలాప్‌లో పిల్లలకు చోటేదీ?

రంజాన్ పండుగ వెళ్లిన తర్వాత పట్టణాల్లో ఈద్ మిలాప్ సభలు జరగటం మనకు తెలిసిందే. వేదికపై అధికారులు, నాయకులు, ఉలమాలు ఆసీనులవుతారు. మత సామరస్యంపై ప్రసంగాలు సాగుతాయి. షీర్ ఖుర్మా పంచుతారు. ఈ సభల వల్ల మేలే జరుగుతున్నది, కాదనము. కాని వచ్చేవారంతా పెద్దలే. అపోహలు మనసులో నాటుకోకముందే, ఆరేడేళ్ల వయసులోనే పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి ఒకరి పండుగ మరొకరికి పరిచయం చేసే ఏర్పాటు అరుదు. ఆ పనికి మన విద్యార్థులు పూనుకోవాలి.

రామారెడ్డినే తీసుకోండి. 2016లో కామారెడ్డి జిల్లాతో పాటు మండల కేంద్రమైన ఊరు. కాలభైరవ స్వామి ఆలయంతో పేరు పొందిన ప్రాంతం. మన తెలంగాణ పల్లెల్లో దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవటం, మొహర్రంలో అన్ని కులాలవారు కలిసి నడవటం తరాల నుంచి ఉన్నదే. (పీర్ల విషయంలో ఉలమాల అభ్యంతరాలు వేరే చర్చ.) కాని నేడు ఒకే గల్లీ పిల్లల్లో ఒకరు ప్రైవేటు బడి వ్యాను ఎక్కుతున్నారు, ఒకరు మదర్సాకు, మరొకరు గురుకులానికి వెళ్తున్నారు. పండుగ నాడు ఒకరింటికి ఒకరు పోయే చనువు ఇక ఎక్కడ ఏర్పడుతుంది?

2016లో 71తో మొదలై 204కు పెరిగిన మైనారిటీ గురుకులాల్లో నాలుగో వంతు సీట్లు ఇతర వర్గాల పిల్లలకు కేటాయించారు. అక్కడ అందరూ ఒకే భోజనశాలలో తింటారు. సెలవులకు ఇంటికి వచ్చిన ఆ పిల్లలు, కామారెడ్డి కాలేజీలకు పోయివచ్చే మన అమ్మాయిలు, అబ్బాయిలు తలచుకుంటే ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒక సాయంత్రం చాలు.

తిథులు కూడా కలిసివచ్చాయి. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, ఈద్ 11న వచ్చాయి. 2025లో మార్చి 30న ఉగాది, మర్నాడే ఈద్. రెండూ అమావాస్య దాటాక వచ్చే పండుగలే మరి. తెలుగు పంచాంగం సుమారు మూడేళ్లకోసారి అధిక మాసం కలుపుకొని తన రుతువులోనే నిలుస్తుంది. హిజ్రీలో ఆ లెక్క లేదు కనుక ఈద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2032 నాటికి సంక్రాంతి దగ్గరకు, 2033 చివరకు క్రిస్మస్ దగ్గరకు చేరుతుంది. ఇంత చక్కని పాఠం ఏ వాచకంలో ఉన్నది?

ఇలా కలిస్తే ఈమాన్ పలచబడదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేము. ఒక ఈద్ నాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట ఇద్దరు బాలికలు పాడుతుంటే హజ్రత్ అబూబక్ర్ (రజి) మందలించారు. వారిని వదిలేయమనీ, ప్రతి జాతికీ ఒక పండుగ ఉంటుందనీ, ఇది మన పండుగ అనీ దైవప్రవక్త (స) చెప్పినట్లు బుఖారీలో ఉన్నది. పిల్లల సంతోషానికి అనుమతి, ఎవరి పండుగ వారిదన్న స్పష్టత, రెండూ అందులోనే ఉన్నాయి. మనతో పోరాడని వారిపట్ల మంచిగా, న్యాయంగా మెలగటాన్ని అల్లాహ్ నివారించలేదని ముమ్తహినా సూరా 8వ ఆయత్ తెలుపుతున్నది. కనుక పంచుకునేది సంతోషం, ఆరాధన కాదు. మన పిల్లల చేత హారతి పట్టించవద్దు. అలాగే ఫోటో కోసం హిందూ పిల్లల నెత్తిన టోపీ పెట్టి నమాజు వరుసలో నిలబెట్టవద్దు. ఇది రెండోవైపు వారికీ మర్యాదే. ఉగాది పచ్చడి నైవేద్యం పెట్టనిది, అక్కడే కలిపినదైతే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆరు రుచుల సంగతి ఆ ఇంటి బిడ్డే చెప్పాలి. ఉపవాసం ఎందుకో, నమాజుకు ముందే ఫిత్రా ఎందుకు ఇస్తామో మన బిడ్డ చెప్పాలి. పెద్దల ఉపన్యాసం అసలే వద్దు.

ఖర్చు విషయంలో ఒక మాట. జకాత్, ఫిత్రా సొమ్ము దీనికి వాడరాదు. జకాత్‌కు తౌబా సూరాలో చెప్పిన పద్దులు ఎనిమిదే. ఫిత్రా పేదల హక్కు. సేమియా, పాలు, చక్కెర, ఖర్జూరాలకు విద్యార్థులు విడిగా చందా పోగు చేసుకోవాలి. అంత పెద్ద మొత్తమేమీ కాదు.

వేసవి సెలవుల లోపే జరిగేటట్టు ప్రధానోపాధ్యాయుల అనుమతి ముందుగా తీసుకోవాలి. పక్క గల్లీ తల్లులను పిలవటానికి మాత్రం కరపత్రం పంపితే సరిపోదు, మన తల్లులే వాళ్ల వాకిట్లోకి పోయి పిలవాలి.