ధర ఎంత అన్నది సరే, ఎక్కడిదాకా అని అడిగారా?

ఆ మధ్య మా ఊళ్లో ఒక రైతు కల్లంలోనే మిర్చి బేరం చేశాడు. కొనేవాడు మచ్చు చూశాడు, ధర ఖాయం చేశాడు. "కాటా యార్డులో వేద్దాం, తోలించు" అన్నాడు. దారిలో అకాల వర్షం పట్టుకుంది. పట్టా చిరిగి ముప్ఫై టిక్కీలు తడిశాయి. "తడిసిన సరుకు నాకొద్దు" అన్నాడు కొన్నవాడు. "కల్లంలోనే అమ్మేశాను గదా" అన్నాడు రైతు. ఇద్దరి దగ్గరా కాగితం ముక్క లేదు. నష్టం ఎవరి నెత్తిన పడిందో వేరే చెప్పాలా?

తప్పు ఆ ఒక్క రైతుది కాదు. ధర కోసం మనం గంటసేపు బేరమాడతాం. సరుకు ఎక్కడ మన చేతిలోంచి పోతుంది, అక్కడిదాకా కిరాయి ఎవరిది, మధ్యలో పాడైతే ఎవరిది అని మాత్రం ఒక్క మాట అడగం.

దేశాల మధ్య వ్యాపారం చేసేవాళ్లు ఈ తగాదాకు ఎప్పుడో మందు కనిపెట్టారు. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లోనే ఇలాంటి బేరాలకు నిబంధనలు రాసిపెట్టింది. వాటినే ఇన్‌కోటెర్మ్స్ అంటారు. అప్పటినుంచి సవరిస్తూ వచ్చారు. ఇప్పుడున్నవి 2020 నాటివి, మొత్తం 11. ఒప్పందంలో మూడక్షరాల మాట, దాని పక్కన చోటు పేరు రాస్తే ఎవరి ఖర్చు ఎంతవరకో తేలిపోతుంది.

మన భాషలో చెప్పుకుందాం. ఇ.ఎక్స్.డబ్ల్యు. అంటే అచ్చంగా కల్లం బేరం. సరుకు అమ్మేవాడి చోటే అప్పగింత. లారీకి ఎత్తడం మొదలు అంతా కొన్నవాడి పని. ఎఫ్.ఓ.బి. చెన్నై అంటే చెన్నై రేవులో ఓడ మీదకు చేర్చేదాకా ఖర్చూ, నష్టభయమూ అమ్మేవాడివి. ఆపైన కొన్నవాడివి. సి.ఐ.ఎఫ్. కొలంబో అంటే కొలంబో దాకా ఓడ కిరాయి, బీమా కూడా అమ్మేవాడే కట్టాలి. తిరకాసంతా ఇక్కడే ఉంది. కిరాయి కొలంబో దాకా కట్టినా, నష్టభయం మాత్రం చెన్నైలో ఓడ ఎక్కగానే కొన్నవాడికి మారుతుంది. అంటే ఖర్చు ఆగే చోటు వేరు, భయం మారే చోటు వేరు.

పది టిక్కీలు పండించే మనకు ఇవన్నీ ఎందుకంటారా? విదేశాల్లో మిర్చికి ఫలానా ధర పలుకుతోందని వింటాం, యార్డులో ధర చూసి గుండె మండుతుంది. ఆ ధర ఎక్కడిదో అడగాలి. ఓడరేవు ధరలో తొడిమలు తీసే కూలి, శీతల గిడ్డంగి అద్దె, లారీ కిరాయి, రేవు ఖర్చులు, ఎగుమతిదారు లాభం కలిసి ఉంటాయి. సి.ఐ.ఎఫ్. ధరైతే ఓడ కిరాయి, బీమా కూడా అందులోవే. వాటిని తీసేసి చూస్తేనే మనకు జరిగిన అన్యాయం ఎంతో, అసలు జరిగిందో లేదో తెలిసేది.

ఇప్పుడు రైతు ఉత్పత్తిదారుల సంఘాలు సొంతంగా ఎగుమతి చేయాలని ఉబలాటపడుతున్నాయి. మంచిదే. అయితే ధర ఎక్కువ కనిపిస్తోందని తొలి అడుగులోనే సి.ఐ.ఎఫ్.కు ఒప్పుకోవద్దని నా సలహా. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి, కిరాయిలు మండిపోయాయి. ధర ముందే ఒప్పుకున్న అమ్మకందారు ఆ పెరిగిన కిరాయిని తన జేబులోంచే కట్టుకోవాలి. చిన్న సంఘం అంత బరువు మోయగలదా? కంటైనర్‌లో పంపే సరుకుకు ఎఫ్.సి.ఎ. మేలు. చెప్పిన చోట రవాణాదారుకు అప్పగించగానే నష్టభయం కొన్నవాడికి మారుతుంది.

ఓడ ఎక్కింది గదా, ఇక మన పూచీ లేదనుకోవడమూ పొరపాటే. సరుకులో ముందునుంచే ఉన్న లోపానికి అమ్మినవాడే బాధ్యుడు. ఐరోపా దేశాలు మిర్చిలో బూజు విషం, అదే అఫ్లాటాక్సిన్, కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే రానివ్వవు. ఆ లోపం పుట్టేది చాలాసార్లు మన కల్లంలోనే, నేలమీద సరిగా ఆరని కాయలోనే. ఇంకో సంగతి, డబ్బు ఎప్పుడిస్తారో ఈ నిబంధనలు చెప్పవు. అది ఒప్పందంలో విడిగా రాయించుకోవాలి.

సముద్రాల అవతలి బేరం సంగతి తర్వాత, ముందు ఊళ్లో బేరం చక్కబెట్టుకుందాం. తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు చాలు: అప్పగింత ఎక్కడ, అక్కడిదాకా కిరాయి, హమాలీ ఎవరివి, అంతకుముందు పాడైతే ఎవరిది, డబ్బు ఏ రోజుకు. కింద ఇద్దరి సంతకాలు. ఒంటరి రైతు అడిగితే "నీ సరుకు నువ్వే ఉంచుకో" అనొచ్చు. ఊళ్లో ఇరవైమంది ఒక్కమాట మీద అడిగితే అలా అనడం కష్టం.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నారు పెద్దలు. అందుకే మాట్లాడుకునేదేదో ఏరు దాటకముందే మాట్లాడుకోవాలి.