కంపెనీల ఖాతాలో మన గుంతలు

“గీ పటాన్‌చెరు నీళ్లల్ల చేపలు బతకయి సార్. అంత కంపెనీల పుణ్యమే. వారానికోసారి సగం నీళ్లు మార్చుండ్రి, గంతే.” మొన్న అక్వేరియం షాపాయన చెప్పిన తీర్పు ఇది. పక్కనున్న ఇద్దరూ తలలూపారు. ఎందుకూపరు? ఇక్కడ జుట్టు రాలినా కంపెనీలే, గప్పీ చేప చచ్చినా కంపెనీలే.

కంపెనీలను వెనకేసుకురావడం నా పని కాదు. కంపెనీల వ్యర్థాలు కలిసిన నక్కవాగు కథ 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. ఇక్కడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం వదిలే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. 2017లో గండిగూడెం చెరువులో చేపలు లక్షల్లో చచ్చి తేలాయి. ఆ లెక్కలన్నీ తేలాల్సిందే. కానీ నా కుళాయిలో వచ్చి చేపలకు చేటు చేసే నైట్రేటును కూడా ఆ పద్దులోనే రాసేస్తానంటే ఒప్పుకోను.

అక్వేరియం నీళ్లు కాదు, ఒట్టి బోరు నీళ్లు పరీక్షగొట్టంలో పట్టి నైట్రేటు కిట్టు చుక్కలు వేసి చూడండి. ఐదు నిమిషాలాగితే రంగు పసుపు దాటి నారింజలోకి, అక్కణ్నుంచి ఎరుపులోకి దిగుతుంది. ఎరుపెక్కిన కొద్దీ నైట్రేటు ఎక్కువన్నమాట. ఇక మా వీధిలో కొత్త ఇల్లు ఎలా లేస్తుందో చూడండి. గొయ్యి తీస్తారు, సిమెంటు రింగులు దించుతారు, అడుగు వేయరు, పైన మూత పెడతారు. దాని పేరు సెప్టిక్ ట్యాంకు! నాలుగడుగులు వేస్తే బోరు. గుంతలోని అమ్మోనియా మట్టిలో బ్యాక్టీరియా చేతికి చిక్కి నైట్రేటవుతుంది. అది మట్టికి అంటుకోదు, నీటితోపాటే కిందికి జారిపోతుంది. అమీన్‌పూర్, బీరంగూడ వైపు మురుగు కాలువల కంటే ముందు అపార్ట్‌మెంట్లొచ్చాయి. గజం ధర అడిగినవాళ్లే గానీ గుంతకు అడుగుందా అని అడిగినవాడు లేడు. పైగా దేశవ్యాప్తంగా తీసిన భూగర్భజల నమూనాల్లో దాదాపు ఐదో వంతు నైట్రేటు పరిమితి దాటాయని కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదిక చెబుతోంది. జాబితాలో ముందున్నది రాజస్థాన్. అక్కడి పల్లెపల్లెకూ మందుల కంపెనీ ఉందా? పేడ, యూరియా, పాయిఖానా... ఇవి ఊరూరా ఉన్నాయి.

ఆ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. పెట్టింది చేపల కోసం కాదు. అంతకు మించిన నీళ్లతో డబ్బాపాలు కలిపితే నెలల పసికందు రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదముంది.

ఇక “నీళ్లు మార్చుండ్రి” మంత్రం. నైట్రేటు అక్వేరియంలో 80, కుళాయిలో 60 ఉందనుకోండి. సగం మారిస్తే 70. మళ్లీ సగం మారిస్తే 65. ఏడాదంతా బకెట్లు మోసినా 60 కిందికి రాదు. ఇంతమాత్రం కూడికలు రానివాళ్లు మనకు చేపలమ్ముతున్నారు! క్లోరిన్ విరిచే చుక్కలు నైట్రేటును తాకనైనా తాకవు. కాచి చల్లారిస్తే ఇంకా చిక్కబడుతుంది.

మరేం చేయాలంటారా? మంజీర నీళ్లొచ్చే ఇల్లయితే అవే పట్టుకోండి. నది నీళ్లలో నైట్రేటు సాధారణంగా తక్కువ. లేదంటే ఆర్వో నీళ్లు సగం కలపండి. అచ్చంగా అవే పోస్తే లవణాలు లేక చేపలు డీలా పడతాయి. మనీప్లాంటు వేళ్లు నీళ్లలోకి వదలండి, మేత తగ్గించండి. అయితే ఆర్వో నైట్రేటును మింగేయదు. పక్క గొట్టంలోంచి మరింత చిక్కగా బయటికి తోస్తుంది. ఆ గొట్టం మా వీధిలో అందరిదీ బాత్రూంలోకే, అంటే ఆ అడుగులేని గుంతలోకే. దాన్ని ఏ కంపెనీ పేరున రాద్దాం?