అరకు ఓకే.. పాడేరు క్రాష్!

అరకులో కాఫీ కోతలు నవంబరుకల్లా ఊపందుకుంటాయి. కోసిన పళ్లను శుభ్రం చేసి, గింజల్ని కళ్లాల్లో రోజుల తరబడి ఆరబెట్టాలి. మధ్యలో తడిస్తే బూజు పడుతుంది, రేటు పడిపోతుంది. అందుకని మీ ఇంజినీరింగ్ ప్రాజెక్టు కింద మన్యం ఊళ్ల కళ్లాల్లో తేమ సెన్సర్లు పెట్టారనుకుందాం. తేమ పెరిగితే రైతు ఇంట్లోని చిన్న బాక్సు కుయ్‌మనాలి. కొండల్లో మొబైల్ సిగ్నల్‌ని నమ్ముకోలేం కాబట్టి లోరా రేడియో వాడారు. బాక్సులో రాస్‌బెర్రీ పై పికో బోర్డు. 2021లో వచ్చినప్పుడు దాని ధర 4 డాలర్లే.

రిసీవర్ కోడ్ సీ భాషలో రాసి ల్యాప్‌టాప్‌లో టెస్ట్ చేశారు. సూపర్! పికోలోకి ఎక్కించారు. అరకు రీడింగ్ వచ్చింది, అనంతగిరిదీ వచ్చింది. పాడేరు ప్యాకెట్ రాగానే బాక్సు బిగుసుకుపోయింది. చింతపల్లిదీ అంతే. సెన్సర్ మార్చారు, యాంటెన్నా ఎత్తు పెంచారు.. ఊహూ!

కిటుకంతా ఊరి పేరులోనే ఉంది. ప్యాకెట్‌లో ముందు 4 బైట్ల హెడర్, తర్వాత ఊరి పేరు, ఆ వెంటనే 4 బైట్ల రీడింగ్. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతం గుర్తుకీ 3 బైట్లు. ‘అరకు’లో అ, ర, క, కొమ్ము.. మొత్తం 12 బైట్లు. హెడర్‌తో కలిపి 16. ‘పాడేరు’కి 18, హెడర్‌తో 22. అనంతగిరి రీడింగ్ 28వ బైటు దగ్గర, చింతపల్లిది 31 దగ్గర మొదలవుతాయి. 16, 28 నాలుగుతో భాగించబడతాయి. 22, 31 భాగించబడవు. (రేడియోలో ఊరి పేరు బదులు ఓ నంబరు పంపితే చాలదా అంటారా? నిజమే, చాలు. కానీ అప్పుడు ఈ బగ్ ఇంకెక్కడో దాక్కుంటుంది.)

మెమరీని విశాఖ-కిరండూల్ రైలు అనుకోండి. నాలుగేసి సీట్ల వరుసలు, నంబర్లు సున్నా నుంచి. 32 బిట్ల సంఖ్య అంటే నలుగురున్న ఫ్యామిలీ. 16 నుంచి 19 దాకా కూర్చుంటే అందరూ ఒకే వరుస. 22 నుంచి 25 అయితే ఇద్దరు ఇక్కడ, ఇద్దరు వెనక. ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్, ఏఎండీ చిప్పులు రెండు వరుసలూ తిరిగి అందర్నీ పోగేసుకొస్తాయి. పికోలోని కార్టెక్స్ ఎం0 ప్లస్‌కి అంత ఓపిక లేదు. ‘హార్డ్ ఫాల్ట్’ అని ఆగిపోతుంది. ఆగిపోవడమే నయం! పాత ఆర్మ్ చిప్పులు కొన్ని చప్పుడు చేయకుండా బైట్లను తిప్పేసి తప్పు సంఖ్య చేతిలో పెట్టేవి. బాక్సు బాగానే ఉంటుంది, తేమ లెక్కే అబద్ధం.

అయితే మంచి చిప్ కొంటే పోలేదా? 2024లో వచ్చిన పికో 2లోని కార్టెక్స్ ఎం33 మామూలు రీడ్‌లకు సర్దుకుపోతుంది. కానీ ఒకేసారి రెండు, మూడు వర్డ్‌లు చదివే ఇన్‌స్ట్రక్షన్ తగిలితే అదీ ఫాల్టే. అసలు బైట్ పాయింటర్‌ని ఇంటిజర్ పాయింటర్‌గా కాస్ట్ చేసి, సరిగ్గా అలైన్ కాని చోట చదవడం సీ ప్రమాణం ప్రకారమే చెల్లదు. అందుకే ఆప్టిమైజేషన్ పెంచితే మీ ల్యాప్‌టాప్‌లోనూ ఇది పేలొచ్చు.

మందు చాలా చిన్నది. ఆ కాస్ట్ తీసేసి, ‘మెమ్‌కాపీ’తో 4 బైట్లను ఓ మామూలు వేరియబుల్‌లోకి కాపీ చేయండి. స్లో అవుతుందన్న భయం అక్కర్లేదు. ఇంటెల్ మీద కంపైలర్ దాన్ని సాధారణంగా ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చేస్తుంది. ఒక్కో బైటు తీసి షిఫ్ట్ చేసి కలిపితే ఇంకా మేలు, బైట్ల వరుస తిరగబడే ఎండియన్ గొడవా తీరుతుంది.

చాలామంది ‘ప్యాక్డ్’ అని తగిలించి ఊపిరి పీల్చుకుంటారు. నాకది సగం మందే అనిపిస్తుంది. స్ట్రక్ట్ పేరుతో చదివినంతసేపూ కంపైలర్ జాగ్రత్తపడుతుంది. లోపలి మెంబర్ అడ్రస్ తీసి వేరే ఫంక్షన్‌కి ఇచ్చారా, మళ్లీ పాడేరే! ప్యాక్డ్ లేకుండా స్ట్రక్ట్‌ని ఉన్నదున్నట్టు పంపినా చిక్కే. ఒక క్యారెక్టర్, ఒక డబుల్ ఉన్న స్ట్రక్ట్ పికోలో 16 బైట్లు, పాత 32 బిట్ ఇంటెల్ లైనక్స్‌లో 12.

ఇక పట్టుకోవడం. జీసీసీలో కాస్ట్ అలైన్ వార్నింగ్‌ని ‘స్ట్రిక్ట్’గా పెట్టండి. మామూలుగా పెడితే ఇంటెల్ మీద అది నోరు మెదపదు. జీసీసీ, క్లాంగ్ రెండింట్లోనూ అలైన్‌మెంట్ శానిటైజర్ ఉంది. దాన్ని ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌లోనే ప్యాకెట్‌ని బఫర్‌లో 0, 1, 2, 3 బైట్ల దగ్గర మొదలుపెట్టి నాలుగుసార్లు రన్ చేయండి. పాడేరు ఘాట్ ఎక్కకముందే బగ్ బయటపడుతుంది.